పిల్లల ఫొటోలకు ఏ వెలుగు: గుమ్మమా, ఫ్లాషా, ఎల్‌ఈడీ లైటా?

పెద్దవాళ్లను ఫొటో తీసేటప్పుడు లైటు ఒకచోట పెట్టి, మనిషిని దాని ముందు కూర్చోబెట్టి, "గడ్డం కాస్త పైకెత్తండి" అంటే ఎత్తుతారు. మూడేళ్ల పిల్లకు ఆ మాట పట్టదు. కూర్చున్న చోటు నుంచి లేస్తుంది, కెమెరా వైపు నడిచొస్తుంది, అమ్మ ఎక్కడుందో చూడ్డానికి తల తిప్పుతుంది. కాబట్టి డబ్బు ఖర్చుపెట్టే ముందు తేల్చుకోవాల్సింది ఒక్కటే: పిల్ల రెండడుగులు అటూ ఇటూ జరిగినా ముఖం మీద వెలుగు నిలుస్తుందా? కింద చెప్పే ప్రతి పద్ధతినీ మేం ఈ ఒక్క లెక్కతోనే తూచాం.

దీని వెనక చిన్న గణితం ఉంది. చిన్న లైటు నుంచి దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతుకు పడిపోతుంది. లైటుకు మూడడుగుల దూరంలో ఉన్న పిల్ల ఒక్క అడుగు ముందుకొస్తే ముఖం మీద వెలుగు 2.25 రెట్లు అవుతుంది, అంటే ఒక స్టాపు కన్నా ఎక్కువ (వెలుగు రెట్టింపైతే ఒక స్టాపు పెరిగినట్టు). నుదురు తెల్లగా తేలిపోతుంది. అదే ఆరడుగుల దూరం నుంచి ఒక అడుగు ముందుకొస్తే పెరిగేది 1.44 రెట్లే, అర స్టాపు. ఆ తేడాను తర్వాత ఫోన్లోనో కంప్యూటర్లోనో సరిచేసుకోవచ్చు. అయితే లైటు దూరం జరిగే కొద్దీ పిల్ల కంటికి చిన్నదవుతుంది, నీడల అంచులు గట్టిపడతాయి. అందుకే పిల్లలకు లైటు పెద్దదీ కావాలి, కొంత దూరంలోనూ ఉండాలి. ఈ రెండూ ఒకేసారి ఇవ్వగలిగినవి ఇంట్లో రెండే: తలుపు తీసిన గుమ్మం, ఫ్లాష్ కొట్టిన తెల్లటి సీలింగ్.

గుమ్మం, కిటికీ

చాలామంది కిటికీ దగ్గర మొదలుపెడతారు. మా సలహా వీధి గుమ్మం, లేదా బాల్కనీ తలుపు. మన ఇళ్లలో కిటికీ అడుగు అంచు సాధారణంగా నేలకు మూడడుగుల ఎత్తున ఉంటుంది. నేల మీద కూర్చున్న ఏడాది పిల్లాడి తల రెండడుగుల ఎత్తు కూడా ఉండదు. వెలుగంతా వాడి తల మీదుగా పోయి ఎదుటి గోడకు తగులుతుంది. గుమ్మమైతే నేల దాకా తెరుచుకుని ఉంటుంది. సుమారు ఏడడుగుల ఎత్తు, మూడు, మూడున్నర అడుగుల వెడల్పు ఉన్న ఈ వెలుగు ఏ దుకాణంలో కొన్న సాఫ్ట్‌బాక్సుకూ (లైటు ముందు తెల్ల గుడ్డ కట్టిన పెట్టెకు) తీసిపోదు. కిటికీ తప్ప దారి లేకపోతే పిల్లను దివాన్ మీదో మంచం మీదో కూర్చోబెట్టి, ముఖాన్ని కిటికీ మధ్య ఎత్తుకు తెచ్చుకోండి. అంచున కూర్చోబెడితే పక్కన ఒక మనిషి చెయ్యి అందేంత దూరంలో ఉండి తీరాలి.

గడప నుంచి మూడు నాలుగు అడుగులు లోపలికి చాప వేయండి. మీరు గుమ్మం పక్క గోడకు వీపు ఆనించి నిలబడండి, లేదా కూర్చోండి. గుమ్మంలో నిలబడితే మీ ఒళ్లే వెలుగును మింగేస్తుంది. పిల్ల మీకూ గుమ్మానికీ మధ్యకు చూస్తున్నట్టు కూర్చుంటే వెలుగు ముఖానికి ఏటవాలుగా పడుతుంది, ముక్కు నీడ చెంప మీద చిన్నగా వాలుతుంది. కళ్లలోకి చూడండి. రెండు కళ్లలోనూ పై భాగాన తెల్లటి మెరుపు కనిపిస్తే ముఖం సరైన వైపు తిరిగినట్టే. ఒక కంట్లోనే ఉంటే ఇంకాస్త గుమ్మం వైపు తిప్పాలి. పిలిస్తే తిరగదు కాబట్టి, అమ్మనో గిలకనో గుమ్మం వైపుకు జరపండి.

గదిలో ట్యూబ్‌లైటు, బల్బులు అన్నీ ఆర్పేయాలి. వెలుగు రంగును కెల్విన్‌లలో కొలుస్తారు, అంకె తగ్గే కొద్దీ పసుపు. పగటి వెలుగు సుమారు 5500 కెల్విన్, పసుపు ఎల్‌ఈడీ బల్బు 2700 నుంచి 3000 కెల్విన్. రెండూ కలిస్తే ఒక చెంప నీలంగా, ఒక చెంప కామెర్లు వచ్చినట్టుగా ఉంటుంది. కెమెరాలో రంగును సరిచేసే వైట్ బ్యాలెన్స్‌ను ఎటు జరిపినా ఒక చెంపే బాగుపడుతుంది. గోడల రంగు సంగతి కూడా ఇంతే. పచ్చ గోడకు రెండడుగుల దూరంలో కూర్చున్న పిల్ల మెడ కింద పచ్చదనం తేలుతుంది. ఆ గోడకు ఒక తెల్ల దుప్పటి వేలాడదీస్తే చాలు.

ఎండ నేరుగా లోపల పడే వేళ ఇది పనిచేయదు. కిటికీ అయితే గ్రిల్ నీడ ముఖం మీద గళ్లు గళ్లుగా పడుతుంది. పలచటి తెల్ల పంచె ఒకటి కట్టండి, కిటికీ అంతా వెలిగి మెత్తబడుతుంది. రంగు కర్టెన్ ఆ పని చేయదు, దాని రంగే ముఖానికి ఎక్కుతుంది. ఉత్తరం వైపు కిటికీలో ఎండ పడదని అంటారు గానీ, మన దగ్గర మే, జూన్, జులై నెలల్లో పొద్దునా సాయంత్రం ఏటవాలు ఎండ అటు నుంచి కూడా వస్తుంది. కాబట్టి పంచె దగ్గర పెట్టుకోండి.

చీకటి చెంప వైపు ఒక తెల్ల అట్ట నిలబెట్టాలి. రెండు మూడు అడుగుల థర్మాకోల్ షీటు స్టేషనరీ షాపులో తక్కువ ధరకే దొరుకుతుంది. ముఖానికి రెండడుగుల దూరంలో మొదలుపెట్టి, నీడ చెంప వెలుగు చెంప కన్నా ఒక స్టాపు తక్కువ ఉండేదాకా వెనక్కి జరపండి. మరీ దగ్గరైతే నీడ మొత్తం పోయి ముఖం చదునుగా కనిపిస్తుంది. దొరికిందల్లా నోట్లో పెట్టుకునే వయసు పిల్లల దగ్గర మాత్రం థర్మాకోల్ వద్దు. అంచులు విరిగి గుళికలు రాలతాయి, గొంతుకు అడ్డం పడతాయి. వాళ్లకు సన్‌బోర్డు గానీ, కుర్చీ మీద ఆరేసిన తెల్ల దుప్పటి గానీ వాడండి. వెలుగును తిప్పికొట్టే ఐదు రంగుల మడత రిఫ్లెక్టర్ కొంటే దాని తెల్ల వైపు, లోపలి పలచటి గుడ్డ ఈ రెండే పిల్లలకు పనికొస్తాయి. వెండి వైపు కళ్లలోకి కొట్టి పిల్ల కళ్లు చికిలిస్తుంది. బంగారు వైపు మన చామనఛాయ మీద నారింజ రంగు పులుముతుంది.

మబ్బు లేని పగలు, గుమ్మానికి నాలుగడుగుల లోపల, ఎఫ్/2.8 (లెన్సు రంధ్రం, అంకె తగ్గితే రంధ్రం పెద్దది), షట్టర్ 1/250 సెకను, ఐఎస్‌ఓ (కెమెరా వెలుగును పట్టే సున్నితత్వం) 800 దగ్గర మొదలుపెట్టి చూడండి. చీకటిగా ఉంటే ఐఎస్‌ఓ పెంచండి, షట్టర్ తగ్గించకండి. కూర్చున్న పసిపాపకు 1/125 సరిపోతుంది, నడిచే పిల్లకు 1/250 కావాలి, పరుగెత్తే పిల్లకు 1/500 కూడా ఒక్కోసారి చాలదు. ఐఎస్‌ఓ 3200 దగ్గర ఇసుక రాలినట్టు కనిపించే గింజలను తర్వాత తగ్గించవచ్చు. కదిలి చెదిరిన కళ్లను ఎవరూ బాగుచేయలేరు. 50 ఎంఎం ఎఫ్/1.8 లెన్సు ఉన్నవాళ్లు దాన్ని పూర్తిగా తెరవాలని ఉబలాటపడతారు. నాలుగడుగుల దూరంలో ఎఫ్/1.8 దగ్గర ముఖం కాస్త పక్కకు తిరిగితే ఒక కన్ను స్పష్టంగా, రెండోది మసకగా వస్తుంది. ఎఫ్/2.8 నుంచి ఎఫ్/4 మధ్య ఉండండి.

ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి తీసుకునే మొత్తం వెలుగు) విషయంలో ఒక మాట గట్టిగా చెప్పాలి. పిల్ల తెల్లగా కనిపించాలని ఎక్స్‌పోజర్ పెంచడం మానేయండి. చామనఛాయలో ఉన్న మెరుపు, బుగ్గల గుండ్రదనం, అన్నీ ఆ పెంచిన వెలుగులోనే చచ్చిపోతాయి. తెల్ల గౌను ఫ్రేములో ఎక్కువ భాగం ఉంటే కెమెరా మోసపోయి ముఖాన్ని నల్లబరుస్తుంది, అప్పుడు +2/3 స్టాపు ఇవ్వండి. వెనక చీకటి గది ఉంటే దీనికి ఉల్టా, ముఖం తెల్లబారుతుంది, -2/3 ఇవ్వండి.

వసారా, చెట్టు నీడ, ఎండ

గుమ్మం వెలుగు అక్కడక్కడే తిరిగే పిల్లకు సరిపోతుంది, ఆడుకునే పిల్లకు చాలదు. అప్పుడు వసారా, పోర్టికో, ఇంటి పక్క నీడ. పిల్ల నీడలోనే ఉండాలి, కానీ నీడ అంచుకు దగ్గరగా, రెండు మూడడుగుల లోపల, ముఖం వెలుగు వైపు పెట్టి. నీడలో మరీ లోపలికి పోతే వెలుగు నలువైపుల నుంచీ సమానంగా పడి ముఖంలో ఆకారం ఉండదు. ముందు ఎండ పడిన సిమెంటు నేల ఉంటే అదే రిఫ్లెక్టర్, గడ్డం కింది నీడను లేపుతుంది. పచ్చిక ఉంటే ఆ పచ్చదనం కూడా గడ్డం కిందికే వస్తుంది. నీడలో రంగు నీలంగా ఉంటుంది కాబట్టి వైట్ బ్యాలెన్స్‌ను ‘షేడ్’ మీద పెట్టండి.

చెట్టు కింద మాత్రం జాగ్రత్త. వేప, చింత ఆకుల సందుల్లోంచి పడే ఎండ చుక్కలు ముఖం మీద ఎక్కడ పడతాయో చెప్పలేం. ఒక్క చుక్క ముక్కు మీద పడితే ఆ ఫొటో పోయినట్టే. దట్టమైన మర్రి, మామిడి కింద కొంత నయం.

మిట్ట మధ్యాహ్నం ఎండలో తీయకపోవడమే మేలు. హైదరాబాద్‌లో మే రెండో వారంలో, మళ్లీ ఆగస్టు మొదటి వారంలో మధ్యాహ్నం సూర్యుడు సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. ఆ రోజుల్లో కనుగుంతలు నల్లటి గుంటలే. సాయంత్రం సూర్యాస్తమయానికి ముందు గంటలో ఎండను పిల్ల వెనక పెట్టి, ముఖానికి ఎక్స్‌పోజర్ కొలిచి తీస్తే జుట్టు అంచులు వెలుగుతాయి. ఈ గంట అందమైనదే కానీ పిల్ల నిద్ర, ఆకలి దానికి కుదరాలి. కుదరకపోతే నిద్ర లేచి పాలు తాగాక గుమ్మం దగ్గర తీసిన ఫొటోనే మేలు.

ఫ్లాష్: నేరుగా కాదు, సీలింగ్‌కి కొట్టి

కెమెరాలోంచి పైకి లేచే చిన్న ఫ్లాష్‌ను పిల్లల మీద నేరుగా వాడకండి. అది లెన్సుకు ఆనుకుని ఉంటుంది. కంటి వెనక రెటీనా మీద పడిన వెలుగు నేరుగా లెన్సులోకి తిరిగొచ్చి కళ్లు ఎర్రగా వస్తాయి. నుదుటి మీద కొబ్బరినూనె జిడ్డు మెరుస్తుంది. రాసిన పౌడరు తెల్ల మచ్చలుగా తేలుతుంది. పట్టు పావడా జరీ తెల్లగా మండుతుంది. వెనక గోడ మీద నల్లటి నీడ అతుక్కుంటుంది. ఫ్లాష్ వెలుగు పసిపిల్లల కళ్లకు హాని చేస్తుందని పెద్దలు భయపడతారు, ఆ క్షణకాలపు వెలుగు చూపును పాడుచేయదు. అయితే వరసగా పది సార్లు కొడితే పాప బెదిరి ఏడుస్తుంది, అది చాలు ఆపడానికి.

ఇక్కడ వెలుగు గురించి కానిదొకటి చెప్పాలి. ఫ్లాష్ ఫొటోల్లో ఒక కన్ను ఎర్రగా, రెండో కన్ను తెల్లగానో పసుపుగానో మళ్లీ మళ్లీ వస్తుంటే కంటి డాక్టరుకు చూపించండి. పక్కకు చూస్తున్నప్పుడు మామూలు కంట్లోనూ ఇలా రావచ్చు, కానీ రెటినోబ్లాస్టోమా అనే కంటి క్యాన్సర్, శుక్లం కూడా ఇలాగే కనిపిస్తాయి. తొందరగా తెలిస్తే వైద్యం ఉంది. హైదరాబాద్‌లోని ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో దీనికి చికిత్స చేస్తారు.

విడిగా కొని కెమెరా మీద తగిలించే ఫ్లాష్ సంగతి పూర్తిగా వేరు. దాని తల తిరుగుతుంది. పైకీ వెనక్కీ తిప్పి తెల్లటి శ్లాబుకు కొడితే, ఆ సీలింగ్ మొత్తం లైటు అయిపోతుంది. గదిలో పిల్ల ఎక్కడున్నా వెలుగు దాదాపు ఒక్కటే. కదలిక విషయంలో దీన్ని మించింది లేదు. ఫ్లాష్ పూర్తి బలంతో కొట్టినా సెకనులో అతి చిన్న వంతు సేపే వెలుగుతుంది, బలం తగ్గించే కొద్దీ ఇంకా తక్కువ సేపు. కాబట్టి గెంతే పిల్లను కూడా గాల్లోనే నిలబెడుతుంది. ఈ పని ఏ ఎల్‌ఈడీ లైటూ చేయదు.

తొమ్మిది, పదడుగుల తెల్ల సీలింగ్‌కు మాన్యువల్‌లో ఎఫ్/4, 1/200, ఐఎస్‌ఓ 800, ఫ్లాష్ 1/8 బలం దగ్గర మొదలుపెట్టండి. చీకటైతే 1/4, ఎక్కువైతే 1/16. తలను నిటారుగా పైకి పెట్టకండి. మీరు పిల్లకు దగ్గరగా ఉంటే వెలుగు సరిగ్గా నెత్తి మీంచి దిగి కనుగుంతలు నల్లబడతాయి. మీ భుజం మీదుగా వెనక్కి, కాస్త పక్కకు, గోడా సీలింగూ కలిసే మూల వైపు తిప్పండి. అప్పుడు వెలుగు పెద్ద కిటికీలా ముందు నుంచి వస్తుంది. ఫ్లాష్ నుంచి నేరుగా పిల్ల వైపు చిందే వెలుగును ఆపడానికి నల్లటి క్రాఫ్ట్ ఫోమ్ ముక్కను రబ్బరు బ్యాండుతో ఫ్లాష్ తల పక్కన కట్టుకోవచ్చు.

సీలింగ్ తెల్లగా లేకపోతే ఈ ఎంపికే లేదు. గులాబీ రంగు ఫాల్స్ సీలింగ్ గులాబీ ముఖాన్ని ఇస్తుంది. పెంకుటింట్లో, రేకుల షెడ్డులో, పదిహేనడుగుల ఫంక్షన్ హాలులో వెలుగు పైకి పోయి తిరిగి రాదు. అక్కడ పక్క గోడ తెల్లగా ఉంటే దానికి కొట్టండి, లేదా కింద చెప్పే గొడుగు పట్టుకెళ్లండి.

కొనేటప్పుడు ఒక తేడా చూసుకోండి. గోడాక్స్ టీటీ600 లాంటివి చవక, కానీ వాటికి టీటీఎల్ (లెన్సులోంచి వచ్చే వెలుగును కొలిచి ఫ్లాష్ బలాన్ని కెమెరాయే నిర్ణయించే పద్ధతి) లేదు, బలం మీరే చేత్తో మార్చాలి. టీటీ685 రకంలో టీటీఎల్ ఉంది, పిల్ల దూరం మారితే తనే బలం మార్చుకుంటుంది. ఒకచోట కూర్చునే పిల్లకు మొదటిది చాలు. ఇల్లంతా తిరిగే పిల్ల వెనక మీరూ తిరగాల్సి ఉంటే రెండోదానికి డబ్బు పెట్టడం న్యాయం. రెండో రకం మీ కెమెరా కంపెనీకి సరిపోయేదే కొనాలి, కానన్‌ది నికాన్ మీద టీటీఎల్ చేయదు. బ్యాటరీలు రీఛార్జి అయ్యే నికెల్ మెటల్ హైడ్రైడ్‌వి కొనండి. మామూలు ఆల్కలైన్ వేస్తే కాసేపటికే ఫ్లాష్ మళ్లీ సిద్ధమవడానికి సెకన్లు పడుతుంది, పిల్ల నవ్వింది ఆ సెకన్లలోనే.

గొడుగు

ఫ్లాష్‌ను స్టాండు మీద పెట్టి, దాని ముందు వెలుగు దాటివచ్చే పలచటి 43 అంగుళాల తెల్ల ఫొటో గొడుగు పెడితే గదిలో ఎక్కడైనా గుమ్మం తయారవుతుంది. కెమెరా మీద వైర్‌లెస్ ట్రిగ్గర్ ఉండాలి. సాఫ్ట్‌బాక్సు కన్నా పిల్లలకు గొడుగే మేలు అంటాం. సాఫ్ట్‌బాక్సు వెలుగును ఒక వైపుకు కట్టేస్తుంది, పిల్ల ఆ దారి దాటితే చీకటి. గొడుగు గదంతా చిందిస్తుంది. పిల్లకు ఐదారడుగుల దూరంలో, ముఖం కన్నా రెండడుగులు ఎత్తున, 45 డిగ్రీల పక్కన పెట్టి, ఐఎస్‌ఓ 200, ఎఫ్/5.6, ఫ్లాష్ 1/8 నుంచి 1/16 మధ్య చూడండి.

ఇబ్బందల్లా స్టాండు పడటం. ఫ్యాను గాలికే గొడుగు తెరచాపలా వంగుతుంది, పిల్ల కాలు పట్టి లాగితే ఇక చెప్పక్కర్లేదు. రెండు లీటర్ల నీళ్ల సీసాలు రెండు స్టాండు కాళ్లకు కట్టండి, ఫ్యాను ఆపండి, ఒక మనిషిని దాని దగ్గరే నిలబెట్టండి. ఆ మనిషి దొరకని ఇంట్లో గొడుగు వద్దు, సీలింగే వాడండి.

ఎల్‌ఈడీ, రింగ్ లైటు

ఎల్‌ఈడీకి ఉన్న మేలు, వెలుగు ఎలా పడుతోందో కంటికి కనిపించడం. ఫోన్‌తో తీసేవాళ్లకు ఇది దాదాపు ఒక్కటే దారి, ఎందుకంటే ఫోన్లకు బయటి ఫ్లాష్ సాధారణంగా కలవదు. కానీ బలం చాలదు. 60 వాట్ల వీడియో లైటును సాఫ్ట్‌బాక్సులో పెట్టి ఐదడుగుల దూరంలో ఉంచితే ఎఫ్/2.8, 1/250 దగ్గర ఐఎస్‌ఓ 800 దాకా కావాలి. అంటే అది మీకు గుమ్మం ఉచితంగా ఇచ్చినంత వెలుగే ఇస్తుంది. రాత్రి పూట తప్ప కొనడానికి కారణం కనపడదు. కొంటే సీఆర్‌ఐ (రంగులను ఎంత నిజంగా చూపిస్తుందో చెప్పే, వంద లోపు అంకె) 95కు పైన ఉన్నదే కొనండి. తక్కువ సీఆర్‌ఐ లైట్ల కింద చర్మంలోని ఎరుపు పోయి పిల్ల పాలిపోయినట్టుంటుంది.

రింగ్ లైటు పిల్లల ఫొటోలకు కొనకండి. అది ఒక మనిషి దాని ముందు మూడడుగుల లోపు కదలకుండా కూర్చుని మాట్లాడ్డానికి చేసిన వస్తువు. పిల్ల అడుగు జరిగితే పైన చెప్పిన 2.25 రెట్ల లెక్క మొదలవుతుంది. వెలుగు ముఖానికి ఎదురుగా పడి ముక్కు, బుగ్గలు చదునవుతాయి. పిల్ల కళ్లన్నీ ఆ వెలిగే చక్రం మీదే ఉంటాయి, మీ మీద ఉండవు.

ఇంట్లోని మామూలు ఎల్‌ఈడీ బల్బుల కిందే తీయాల్సి వస్తే, ఫొటోలో అడ్డంగా నల్లటి చారలు వస్తుంటాయి. మన కరెంటు 50 హెర్ట్జ్ కాబట్టి చవక బల్బులు సెకనుకు 100 సార్లు మిణుకుతాయి. షట్టర్ 1/100 దగ్గర పెడితే చారలు పోతాయి. అమెరికాలో ఉన్నవాళ్లకు కరెంటు 60 హెర్ట్జ్, అక్కడ 1/60 లేదా 1/125 పెట్టుకోవాలి.

పసిపాప, బుడతడు, భోగిపళ్లు

నెలల పాపకు గుమ్మం, తెల్ల దుప్పటి తప్ప ఏమీ కొనకండి. పాప తల గుమ్మం వైపు ఉండేలా పడుకోబెడితే వెలుగు నుదుటి నుంచి గడ్డానికి దిగుతుంది. కాళ్లు గుమ్మం వైపు పెడితే గడ్డం కింది నుంచి వెలుగొచ్చి ముక్కు రంధ్రాలు ముందు కనిపిస్తాయి. ఏడాది నుంచి నాలుగేళ్ల వాళ్లకు పగలు గుమ్మం, రాత్రి సీలింగ్ ఫ్లాష్. ఐదారేళ్లు దాటి, చెప్పిన చోట రెండు నిమిషాలు నిలబడే పిల్లలకు గొడుగు మొదలుపెట్టొచ్చు.

ఇంట్లో వెలుగుకు అసలు పరీక్ష భోగిపళ్లు. సాయంత్రం, గదిలో పసుపు బల్బులు, పిల్ల చుట్టూ పది మంది, పై నుంచి రాలే రేగుపళ్లు. తల పైన అడుగు ఎత్తు నుంచి వదిలిన రేగుపండు తల చేరేసరికి సెకనుకు సుమారు 2.4 మీటర్ల వేగంతో ఉంటుంది. 1/60 షట్టర్ దగ్గర అది నాలుగు సెంటీమీటర్ల గీత, 1/250 దగ్గర ఒక సెంటీమీటరు. సీలింగ్ ఫ్లాష్‌తో మాత్రమే అది పండుగా నిలుస్తుంది. 1/200, ఎఫ్/4, ఐఎస్‌ఓ 800 పెడితే గదిలోని పసుపు వెలుగు చాలావరకు ఫొటోలోకి రాదు, రంగుల గొడవ తీరుతుంది. గదిలో ఆ వెచ్చదనం కూడా కావాలనుకుంటే ఫ్లాష్ తలకు పలచటి నారింజ జెల్ కాగితం అంటించి, షట్టర్ 1/60కి దించి, వైట్ బ్యాలెన్స్ బల్బు రంగుకు మార్చండి. అప్పుడు పండు వెనక చిన్న తోక వస్తుంది, దానికి సిద్ధపడాలి. ఫోన్ ఒక్కటే ఉంటే నైట్ మోడ్ ఆపేయండి, అది ఎక్కువ సేపు వెలుగు పోగుచేసి పిల్లను చెరిపేస్తుంది. గదిలో ఉన్న లైట్లన్నీ ఒకే రంగువి వేసి, పిల్ల పీటను గది మధ్యలో కాకుండా ట్యూబ్‌లైటు ఉన్న గోడకు ఎదురుగా, ఐదారడుగుల దూరంలో వేయండి. పళ్లు పోసే ముత్తైదువలను పిల్ల వెనకా పక్కలా నిలబెట్టండి. ముందు నిలబడి వంగితే వాళ్ల కొంగు నీడే పిల్ల ముఖం మీద పడుతుంది.